మెట్రో మెట్లు దిగిన తరువాతి దారి: మేనకోడలికి ఒక ఉత్తరం

చిరంజీవి మేనకోడలికి, సిరోంచ నుంచి మీ మామయ్య ఆశీర్వదించి రాసేది.

నాగ్‌పూర్ మెట్రోలో స్టేషన్లకు రాకపోకల ఏర్పాట్లు చూసే పనిలో చేరావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. రైళ్ల సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. అయితే ముప్పై ఏళ్లు ఎస్టీలో, అంటే మహారాష్ట్ర ప్రభుత్వ బస్సుల సంస్థలో, మొదట కండక్టరుగా, తరువాత కంట్రోలరుగా పనిచేసినవాణ్ణి కనుక, ఒక బండి దిగిన మనిషి మరో బండి అందుకోవడానికి పడే పాట్లు దగ్గరగా చూశాను. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఇక్కడి బస్టాండులో నేను కంట్రోలరుగా ఉన్నప్పుడు, సాయంత్రం చంద్రపూర్ నుంచి ఒక బస్సు వచ్చేది, దాని తరువాత ఇరవై నిమిషాలకు అంకీసా వైపు ముక్కాం బస్సు, అంటే రాత్రికి ఆ ఊళ్లోనే ఆగే బస్సు, బయలుదేరేది. పై బస్సు అరగంట ఆలస్యమైన రోజున ముక్కాం బస్సు వేళకే వెళ్లిపోతే, చంటిపిల్లలతో దిగిన ఆడవాళ్లు సిమెంటు బల్లల మీద తెల్లవార్లూ కూర్చునేవారు. రెండుసార్లు ఆ దృశ్యం చూశాక, అహేరికి ఫోను చేసి పై బస్సు ఎప్పుడు దాటిందో కనుక్కుని, దాన్నిబట్టి ముక్కాం బస్సును ఆపడం మొదలుపెట్టాను. అప్పటికే ఎక్కి కూర్చున్నవాళ్లు విసుక్కున్న మాట నిజమే, కానీ ఇంకో రోజు వాళ్లే ఆలస్యమైన బస్సులో వచ్చేవారు.

స్టేషనుకూ చుట్టుపక్కల ఇళ్లకూ మధ్య తిరిగే నీ ఫీడర్ బస్సులకూ ఇదే లెక్క వర్తిస్తుంది. పొద్దున ఇంటి నుంచి వచ్చేవాడికి ఒక రైలు తప్పితే కొద్ది నిమిషాల్లో ఇంకోటి దొరుకుతుంది కనుక అతనికి పెద్ద నష్టం లేదు. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడే చిక్కు. అరగంటకొకటి తిరిగే ఫీడర్ బస్సు తన కళ్ల ముందే కదిలిపోవడం రెండుసార్లు చూసినవాడు మూడో రోజు మోటారు సైకిలు బయటకు తీస్తాడు, ఆ తరువాత అతన్ని తిరిగి రప్పించడం ఎవరి తరమూ కాదు. కాబట్టి సాయంత్రపు టైంటేబులును బస్సు వైపు నుంచి కాకుండా రైలు వైపు నుంచి రాయించు. రైలు ఆగిన నిమిషానికి, పైనున్న ప్లాట్‌ఫారం నుంచి లిఫ్టు కోసం నిలబడి కిందకు వచ్చే ఒక ముసలామె నడకను గడియారం పట్టుకుని కొలిచి కలుపు. రాత్రి చివరి రైలు విషయంలో మాత్రం గడియారం చూడనే వద్దు, ఆఖరి మనిషి కిందకు దిగేదాకా బస్సు ఆగాలి.

ఇక నడక సంగతి. పోయిన చలికాలంలో మీ అత్తయ్య కంటి పరీక్షకు నాగ్‌పూర్ వచ్చాం. రైలు ప్రయాణం హాయిగా సాగింది. దిగిన స్టేషను నుంచి ఆసుపత్రి కనబడుతూనే ఉంది, అర కిలోమీటరు కూడా లేదు. ఫుట్‌పాత్ అంచు మోకాటిలో సగం ఎత్తుంది, మోకాళ్ల నొప్పులతో ఆమె ఎక్కలేకపోయింది. నేను చేయి పట్టుకుని ఎక్కిస్తే, ఇరవై అడుగుల తరువాత దారికి అడ్డంగా ట్రాన్స్‌ఫార్మరు, మళ్లీ రోడ్డు మీదకు దిగడం. ఆ కాస్త దూరానికి ఆటో మాట్లాడుకోవలసి వచ్చింది. నడకదారి కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలనీ, అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదనీ రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. నీ సంచిలో ఒక టేపు ఎప్పుడూ ఉంచుకో. బస్సులకంటే ముందు ఈ అర కిలోమీటరు బాగు చేయించడం మీదే పట్టుబట్టు, ఎందుకంటే బస్సు ఎక్కేవాడు కూడా బస్సు దాకా నడిచే రావాలి.

ఫుట్‌పాత్ మాది కాదు, కార్పొరేషనుదని నీ పక్కవాళ్లే అంటారు. కానీ 2017 నాటి జాతీయ మెట్రో రైలు విధానం స్టేషనుకు ఇరువైపులా 5 కిలోమీటర్ల మేర ఫీడర్ బస్సులు, నడకదారులు, సైకిలు దారుల ఏర్పాటుకు ప్రాజెక్టు నివేదికలోనే రాష్ట్రాలు మాట ఇవ్వాలని చెప్పింది. ఆ పేజీ నకలు తీసి సమావేశాలకు వెంట తీసుకెళ్లు.

షేర్ ఆటోలను స్టేషను ముందు నుంచి తరిమించే ఆలోచనకు మాత్రం ఒప్పుకోకమ్మా. మన దగ్గర మనుషుల్ని ఎక్కించుకుని తిరిగే కాలీపీలీ షేర్ జీపులు లేకపోతే బస్సు వెళ్లని ఊళ్లకు దారేది? ఏ సందులో ఎవరు దిగుతారో, ఏ షిఫ్టు ఎప్పుడు విడుస్తుందో ఆ డ్రైవర్లకు తెలిసినంతగా ఏ సర్వేకూ తెలియదు. మెట్ల దగ్గర ఐదారు ఆటోలకు గీత గీయించి, వరస పెట్టించి, రేట్ల బోర్డు పెద్ద అంకెలతో రాయించు. చదువురాని మన పల్లెల పెద్దవాళ్లు వైద్యానికి నాగ్‌పూర్‌కే వస్తారు, అంకె గుర్తుపట్టి వాళ్లు సరైన రేటు ఇవ్వగలుగుతారు.

మొదటి నెల ఆఫీసులో కూర్చోకుండా రోజుకొక స్టేషను చొప్పున, చివరి రైలులో దిగి, జనం వెనకే నడు. ఎవరు ఎక్కడ ఆగారో, ఎంతసేపు ఆగారో నోటుబుక్కులో రాసుకో. సాయంత్రపు టైంటేబులు ముసాయిదా తయారయ్యాక నాకు ఒక ప్రతి పంపు. రైలుకూ బస్సుకూ మధ్య ఎక్కడ నిమిషాలు చాలవో ఎర్ర సిరాతో గుర్తుపెట్టి తిరుగు టపాలో పంపుతాను.

ఇట్లు,
మీ మామయ్య