ఆ రాళ్ల సంచి ముందు అటక దించండి

ప్రశ్న: మా అమ్మాయి పన్నెండో తరగతి. సెలవు దొరికితే అమ్మోనైట్ శిలాజాలు, అంటే ఎప్పుడో అంతరించిన సముద్రజీవుల చుట్టలు తిరిగిన గుల్లలు, ఏరుకొస్తుంది. జియాలజీ చదువుతానంటోంది. మేం డేటా సైన్స్ అనుకున్నాం. చదువు పాడవుతుందని రాళ్లన్నీ ఒక సంచిలో పోసి అటకెక్కించాను. రెండింట్లో ఏది మంచిది?

అమ్మా, రాళ్ల వెంట పడితే పిల్ల బతుకుతెరువు ఏమిటన్నదే మీ అసలు భయం. ఈ టెన్షన్‌తో నా దగ్గరికి చాలామంది వస్తారు. కానీ ముందు ఆ సంచి సంగతి. ఏ రాయి ఎక్కడ, ఏ పొరలో దొరికిందో అమ్మాయి చీటీలు రాసి పెట్టుకునే ఉంటుంది. చీటీ పోయిన అమ్మోనైట్ అందంగా ఉంటుంది గానీ, పరిశోధనకు పెద్దగా పనికిరాదు. ఆమెకు చెప్పకుండా అన్నీ కలిపేయడం తప్పే.

గుల్ల మీది గట్లు ఒంటిగా సాగాయా, రెండుగా చీలాయా? వెలుపలి అంచున వెన్నులాంటి గట్టు ఉందా? నడిమి బొడ్డు ఎంత వెడల్పు? లోపలి గదుల గోడలు గుల్లను తాకిన చోట గీత ఎలా మెలికలు తిరిగింది? జాతిని గుర్తుపట్టాలంటే ఇవన్నీ చూడాలి. అంత చూసినా పొరపాట్లు జరుగుతాయి. ఒకే జాతిలోని పెద్ద గుల్లకూ చిన్న గుల్లకూ శాస్త్రవేత్తలే వేర్వేరు పేర్లు పెట్టి, తర్వాత అవి ఆడ, మగ కావచ్చని గ్రహించారు. జురాసిక్ కాలం సుమారు 20.1 కోట్ల ఏళ్ల కిందటి నుంచి 14.5 కోట్ల ఏళ్ల కిందటి దాకా నడిచింది. ఆ సముద్రాల్లో అమ్మోనైట్ జాతులు త్వరత్వరగా మారుతూ దూరదూరాలకు పాకాయి. అందుకే గుజరాత్‌లోని కచ్ రాతిపొర వయసును యూరప్ పొరలతో పోల్చగలుగుతున్నారు. శిలాజాలతో పొరలను గుర్తుపట్టే కాలువల సర్వేయర్ విలియం స్మిత్ 1815లో ఇంగ్లండ్, వేల్స్ భూగర్భ పటం అచ్చువేశాడు.

డేటా సైన్స్ మీద నాకు అనుమానాలున్నాయి. పక్కింటివాళ్లు చేరారని చేర్పిస్తున్నారు. పేరు చూసి చేరి, గణితం, స్టాటిస్టిక్స్ దగ్గర తడబడే పిల్లల్ని చూస్తూనే ఉన్నాను. నేర్చుకున్న సాఫ్ట్‌వేర్ మారిపోతుంది. ఏ రంగమూ తెలియనివాడికి అంకెలిస్తే వాటిని ఏం అడగాలో తోచదు. మీ అమ్మాయి గుల్లల కొలతలు రాసుకుంటే అదీ డేటానే. జియాలజీతో పాటు స్టాటిస్టిక్స్, ప్రోగ్రామింగ్ నేర్చుకోమనండి.

శిలాజాల మీదే ఆధారపడే ఉద్యోగాలు తక్కువ, పీహెచ్‌డీ దాకా ఓపిక పట్టాలి. అందుకే డిగ్రీలో భూగర్భ జలాలు, ఖనిజాలు కూడా చదవాలి. బావి తవ్వే డ్రిల్లు కింద అమ్మోనైట్ ముక్కలైపోతుంది కాబట్టి చమురు అన్వేషణలో సూక్ష్మ శిలాజాలు ఎక్కువ పనికొస్తాయి. అవీ నేర్చుకోవాలి. దారి ఉందమ్మా, భయపడకండి.

ఈ రాత్రే సంచి దించండి. చీటీలు ఊడిపోయి ఉంటే, ఆమె నోటుపుస్తకం చూసి మళ్లీ రాసుకునేటప్పుడు మీరూ పక్కన కూర్చోండి.