బీఎస్సీ అయ్యాక పాలకొవ్వు జన్యువుల మీద రీసెర్చ్ చేయాలంటే మళ్లీ నీట్ రాయాలా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లాలో పల్లెటూరు, ఇంట్లో మేకలున్నాయి. ఇంటర్ బైపీసీ తర్వాత వెటర్నరీ సీటు రాలేదు, ఇప్పుడు బీఎస్సీ ఫైనలియర్. పాడి మేకల్లో పాలకొవ్వును ఏ జన్యువులు నడిపిస్తాయన్న దాని మీద కాలేజీలో సెమినార్ ఇచ్చాను, అప్పట్నుంచి అదే చేయాలని ఉంది. మళ్లీ నీట్ రాసి బీవీఎస్సీ చేయాలా, ఎమ్మెస్సీకి వెళ్లాలా? మేక పాల మీద చదివితే ఉద్యోగం ఎవరిస్తారని నాన్న అడుగుతున్నారు.

జవాబు: అమ్మా, ముందు మీ నాన్నగారి ప్రశ్నకే చెప్తాను, ఎందుకంటే ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న. మన దగ్గర మేకను పెంచేది మాంసం కోసం. ఒక్క మేక పాలనే నమ్ముకున్న ఉద్యోగాలు రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎంత వెతికినా కొద్దిగానే దొరుకుతాయి. కానీ పాలకేంద్రంలో గేదె పాలకు డబ్బులు కట్టేది వెన్న శాతం చూసే కదా, ఈ పూట ఫ్యాట్ ఎంతొచ్చిందని రైతులు అడగని రోజుండదు. నువ్వు చదవాలనుకుంటున్నది సరిగ్గా ఆ వెన్న సంగతే. కాబట్టి మేక మీద నేర్చుకో, కానీ గేదెకూ పనికొచ్చేలా నేర్చుకో. నా సలహా అంతా దీని చుట్టూనే ఉంటుంది.

సెమినార్ ఇచ్చావు కాబట్టి కొంత తెలిసే ఉంటుంది. మేక తిన్న మేత పెద్దపొట్టలో పులిసి అసిటేట్ అనే చిన్న అణువు తయారవుతుంది, అది రక్తంలో పొదుగుకు చేరాక అక్కడి కణాలు దానితోనే పొట్టి గొలుసు కొవ్వు ఆమ్లాలు కడతాయి, ఆ పనిలో పెద్ద ఎంజైమ్ ఫ్యాటీ యాసిడ్ సింథేజ్. పొడుగు గొలుసులు మాత్రం ఎక్కువగా రక్తం నుంచే వస్తాయి. చివర్లో అన్నిటినీ కలిపి ట్రైగ్లిజరైడ్, అంటే పాలలో కనిపించే కొవ్వు చేసేది డీగ్యాట్1 అనే ఎంజైమ్, దాని జన్యువు పేరూ అదే. ఇవి ఎంత పని చేయాలో పైనుంచి చూసుకునేవి ఎస్‌ఆర్‌ఈబీపీ1 లాంటి ప్రొటీన్లు, వెనక్కి లాగేవి జన్యువుల పనిని తగ్గించే చిన్న ముక్కలు, మైక్రో ఆర్‌ఎన్‌ఏలు. చైనాలో యాంగ్‌లింగ్ దగ్గరి నార్త్‌వెస్ట్ ఏ అండ్ ఎఫ్ యూనివర్సిటీ వాళ్లు సానెన్ అనే పాడి జాతి మేకల పొదుగు కణాలను ల్యాబ్‌లో పెంచి, ఒక్కో జన్యువును తగ్గించి, పెంచి, కొవ్వు ఎంత మారిందో ఏళ్ల తరబడి చూస్తూ వచ్చారు. ఫ్రాన్స్ వాళ్ల దారి వేరు, వాళ్లు మందల రికార్డుల నుంచి మొదలుపెట్టి డీగ్యాట్1లో పాలకొవ్వును తగ్గించే రెండు మార్పులను 2017లో బయటపెట్టారు.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా గుర్తుపెట్టుకో. ఆవుల్లో వెన్న శాతాన్ని బాగా మార్చే డీగ్యాట్1 తేడా 2002లోనే దొరికింది. అదే తేడా కోసం మన దేశపు గేదె జాతుల్లో వెతికితే అన్నిట్లోనూ వెన్న ఎక్కువిచ్చే రూపమే కనిపించింది, అంటే దాన్ని చూసి మంచి గేదెను ఏరుకోలేం. ఒక జంతువులో దొరికిన జవాబును ఇంకోదానికి ఉన్నదున్నట్టు అంటించలేమన్నమాట, మళ్లీ మొదట్నుంచి వెతకాలి. అలా వెతకగలిగే మనుషులే కావాలి, నీకు చోటుందని నేను నమ్మేది కూడా అందుకే.

ఇక నీట్ సంగతి. బీవీఎస్సీ ఇంటర్న్‌షిప్‌తో కలిపి 5.5 ఏళ్లు. పశువులకు వైద్యం చేయాలని, ప్రభుత్వ పశువైద్యురాలివి కావాలని ఉంటే అది తప్ప వేరే దారి లేదు, ఎంవీఎస్సీలో జంతు జన్యుశాస్త్రం చేయాలన్నా బీవీఎస్సీ ఉండాల్సిందే. కానీ నీ ఉత్తరమంతా రెండుసార్లు చదివాను, వైద్యం అన్న మాట ఒక్కచోట కూడా లేదు. నీ మనసు కణం మీద, జన్యువు మీద ఉంది. దానికోసం మళ్లీ ఫస్టియర్ నుంచి మొదలుపెట్టక్కర్లేదు, ఎమ్మెస్సీకి వెళ్లు. బయోకెమిస్ట్రీ గానీ బయోటెక్నాలజీ గానీ తీసుకో, బయోటెక్నాలజీ పీజీ సీట్ల ఎంట్రెన్స్ గాట్-బి, సెంట్రల్ యూనివర్సిటీల పీజీ ఎంట్రెన్స్ సీయూఈటీ పీజీ రెండూ రాయి. కర్నాల్‌లోని ఎన్‌డీఆర్‌ఐ (జాతీయ పాడి పరిశోధన సంస్థ) ప్రాస్పెక్టస్ కూడా తీసి, బీఎస్సీ వాళ్లకు ఏయే కోర్సుల్లో అర్హత ఉందో ఒక్కొక్కటీ చూసుకో. తర్వాత పీహెచ్‌డీకి హైదరాబాద్ గచ్చిబౌలిలో పశు బయోటెక్నాలజీ కోసమే పెట్టిన ఎన్‌ఐఏబీ ఉంది, మేకల కోసమే అయితే మథుర దగ్గర మఖ్దూమ్‌లో కేంద్ర మేకల పరిశోధన సంస్థ ఉంది.

డబ్బు గురించి కూడా దాచకుండా చెప్తాను, నాన్నగారికి చదివి వినిపించు. సీఎస్ఐఆర్ నెట్‌లో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, పైగా హెచ్‌ఆర్‌ఏ. ఎమ్మెస్సీ రెండేళ్లు, పీహెచ్‌డీ ఇంకో ఐదారేళ్లు పట్టొచ్చు. ఈలోపు పెళ్లి మాటలు వస్తాయి, టెన్షన్ పడతారు, అందుకే ఈ లెక్క ఇప్పుడే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. పీహెచ్‌డీ వద్దనిపించినా పీసీఆర్ (డీఎన్ఏకు కాపీలు తీసే పద్ధతి), కణాల పెంపకం, గ్యాస్ క్రొమాటోగ్రఫీ (కొవ్వు ఆమ్లాలను విడదీసి కొలిచే పద్ధతి) చేతికొచ్చిన అమ్మాయిని డెయిరీ క్వాలిటీ ల్యాబులు, డయాగ్నస్టిక్, ఫార్మా కంపెనీలు తీసుకుంటాయి. వాటితోపాటు స్టాటిస్టిక్స్, ఆర్ ప్రోగ్రామింగ్ తప్పకుండా నేర్చుకో. మన బీఎస్సీ పిల్లలు ఎక్కువగా తడబడేది అక్కడే, నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఏటా చూస్తున్నాను, చూసినప్పుడల్లా బాధేస్తుంది.

ఈ వేసవిలో ఒక పని చెయ్యి. ఈనిన మేకలు నాలుగింటిని ఎంచుకుని, పిల్లలకు సరిపోగా మిగిలిన పాలు పూటపూటా కొంచెం పితికి, మీ ఊరి పాలకేంద్రం వాళ్లను అడిగి ఫ్యాట్ చూపించు. గేదె పాలకు సరిచేసిన మెషిన్‌లో అంకె కాస్త అటూ ఇటూ రావచ్చు, ఆ సంగతీ రాసుకో. ఏం మేసింది, ఈని ఎన్నాళ్లయింది, మొదటి ధారలా చివరి ధారలా, అన్నీ నోట్‌బుక్‌లో ఎక్కించు. ఒకే మేకకు పూటపూటకూ అంకె మారుతుంటే, అందులో జన్యువు వాటా ఎంత, మేత వాటా ఎంత అన్న ప్రశ్న నీకే పుడుతుంది. ఎమ్మెస్సీ అయినా పీహెచ్‌డీ అయినా ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు ఆ నోట్‌బుక్ వెంట పట్టుకెళ్లు.