గోల్డ్ ఫిష్ పిల్లలకు కాదు, తొట్టి నీళ్లకే జబ్బు

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. పాడితో పాటు రంగు చేపలు పెంచుదామని 100 లీటర్ల కొత్త అద్దాల తొట్టి పెట్టి, అదే రోజు బోరు నీళ్లు నింపి దాదాపు వెయ్యి గోల్డ్ ఫిష్ పిల్లల్ని వదిలాను. ఉడికించిన గుడ్డు పచ్చసొన రోజుకు నాలుగుసార్లు వేస్తున్నా. నాలుగో రోజు నుంచి పైకొచ్చి నోళ్లు తెరుస్తూ, అడుగున పడి చనిపోతున్నాయి. వైరస్ అనుకుంటున్నా. అంగట్లో చెబితే మెథిలీన్ బ్లూ, టెట్రాసైక్లిన్ వేశాను. ఇంకేం మందు వేయాలి?

జవాబు: ఏ మందూ వద్దు. వైరస్ కూడా కాదు, మీరు రాసిన దాన్ని బట్టి ఇది అమ్మోనియా. మీ ఆవుల పాకలో గోమూత్రం ఘాటు ముక్కుకు తెలుస్తుంది, తొట్టిలోది తెలియదు, అంతే తేడా. తినగా మిగిలిన పచ్చసొన, పిల్లల రెట్ట కుళ్లి అమ్మోనియా అవుతుంది. దాన్ని తినే బాక్టీరియా కొత్త తొట్టిలో కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మీరేమో మొదటి రోజే వెయ్యి పిల్లల్ని దించారు. దానికి తోడు నీటి పీహెచ్ (నీళ్ల పులుపు, చౌడు కొలత) 7 నుంచి 8కి పెరిగితే అమ్మోనియా విషం దాదాపు పది రెట్లవుతుంది, బోరు నీళ్లు చాలాచోట్ల ఆ వైపే ఉంటాయి.

ఇప్పుడు చేయాల్సింది. ఈ రోజంతా మేత ఆపండి. 24 గంటలు గాలి కొట్టించి పెట్టుకున్న నీళ్లతో, అదే వేడి ఉండేలా చూసి, తొట్టిలో సగం నీళ్లు మార్చండి. తర్వాత వారం పాటు పొద్దున, సాయంత్రం పావు వంతు చొప్పున మార్చండి. కల్లుప్పు లీటరుకు 1 గ్రాము, అంటే మీ తొట్టికి 100 గ్రాములు, కరిగించి ఒక రోజులో మూడు విడతలుగా పోయండి. ఆ తర్వాత 25 లీటర్లు మార్చినప్పుడు 25 గ్రాములే కలపాలి, మళ్లీ 100 కాదు. ఒక తొట్టిలో 300 పిల్లలు చాలు, మిగతావి వేరే టబ్బులోకి మార్చండి.

ఇక అంగడి సలహా. ఆ టెట్రాసైక్లిన్ మీకు కావాల్సిన బాక్టీరియాకే దెబ్బ, పైగా సున్నం ఎక్కువున్న నీళ్లలో దాని బలమే తగ్గిపోతుంది. డబ్బులూ పోయె, నీళ్లూ పాడాయె. అమ్మేవాడు చేప చచ్చినా మందే అమ్ముతాడు, బతికినా మందే అమ్ముతాడు, నీళ్లు పరీక్ష చేయించమని చెప్పడు.

కొత్తగా పెట్టేటప్పుడు అడుగున గులకరాళ్లు వేయకండి, మోటార్ ఫిల్టర్ పెట్టకండి, అది పిల్లల్ని లాగేస్తుంది. చిన్న గాలి పంపుతో నడిచే స్పాంజ్ ఫిల్టర్ చాలు. తెలిసినవాళ్ల పాత, ఆరోగ్యంగా ఉన్న తొట్టి స్పాంజిని మీ తొట్టిలో పిండితే బాక్టీరియా త్వరగా పట్టుకుంటుంది. స్పాంజిని బోరు కింద కడగొద్దు, తొట్టి నీళ్లలోనే పిండండి.

మేతకు ఆర్టీమియా, అంటే ఉప్పునీళ్లలో పెరిగే రొయ్యలాంటి సన్న పురుగు, మేలు. లీటరు నీళ్లకు 25 గ్రాముల ఉప్పు, అర టీస్పూను ఆర్టీమియా గుడ్లు వేసి గాలి కొట్టిస్తే 26–28 డిగ్రీల్లో ఒక రోజులో పొదుగుతాయి. గుల్లలు పైకి తేలతాయి, నారింజ రంగు పిల్లలు అడుగు వెలుతురు దగ్గర చేరతాయి. వాటిని పాత పంచె గుడ్డలో వడకట్టి మంచినీళ్లతో కడిగి కొద్దికొద్దిగా వేయండి. పది నిమిషాల్లో మీ చేపపిల్లల పొట్టలు నారింజ రంగులో కనబడితే తిన్నట్టే. అడుగున మిగిలింది సన్నపైపుతో తెల్ల బకెట్‌లోకి లాగండి, జారిపోయిన పిల్ల ఉంటే తెల్లదనంలో కనబడుతుంది, చెంచాతో తీసి వదలొచ్చు.

పదిరోజులకు మళ్లీ రాయండి, కానీ మందుల పేర్లు వద్దు. నీళ్ల కిట్‌తో చూసి అమ్మోనియా ఎంత, పీహెచ్ ఎంత రాయండి.