ఉబుంటు వేసే ముందు డిస్క్ సంగతి చూసుకో

అమ్మలూ,

నీ ల్యాప్‌టాప్‌లో విండోస్ ఉంచుకునే, దాని పక్కన ఉబుంటు (విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) కూడా వేసుకుంటానన్నావు కదా, తప్పకుండా వేసుకో. కానీ ఇన్‌స్టాల్ మొదలెట్టకముందు చేసేదే అసలు పని.

ముందు ఫొటోలు, ప్రాజెక్టు ఫైళ్లు అన్నీ బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చెయ్యి. డి డ్రైవ్‌లో ఉన్నాయిగా బాబాయ్ అనకు. సి, డి అని రెండు కనిపించినా లోపల ఉన్నది ఒకటే డిస్క్, ఒకే చేలో గట్టు వేసి రెండు మళ్లు చేసినట్టు, వరదొస్తే రెండూ మునుగుతాయి. విండోస్ పాడై మళ్లీ వేయించినప్పుడు డి అలాగే మిగలడం చూసి మనవాళ్లకి అక్కడ పెడితే భద్రమనే నమ్మకం పడిపోయింది, డిస్కే పోతే ఆ నమ్మకం ఎందుకూ పనికిరాదు.

తర్వాత బిట్‌లాకర్, అంటే డిస్క్‌లోని డేటాకి విండోస్ వేసే తాళం. విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి మనం అడక్కుండానే ఈ తాళం (ఎన్‌క్రిప్షన్) ఆన్ అయి ఉంటుంది, బూట్ (కంప్యూటర్ మొదలయ్యే) సెట్టింగ్స్ మార్చగానే 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. మామూలుగా అది నీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, కాగితం మీద రాసి పెట్టుకో. ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆపెయ్యి, అది ఉంటే విండోస్ పూర్తిగా షట్‌డౌన్ అవదు, అప్పుడు ఉబుంటు నుంచి ఆ డ్రైవ్‌ని ముట్టుకోవడం ప్రమాదం.

ఇక ఉబుంటుకి చోటు కోసం సి డ్రైవ్‌ని విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే తగ్గించు. బోలెడు ఖాళీ ఉన్నా కొంచెమే తగ్గిస్తానంటే, పేజ్ ఫైల్, హైబర్నేషన్ ఫైల్ లాంటి విండోస్ సొంత ఫైళ్లు మధ్యలో కదలకుండా ఉన్నాయన్నమాట, వాటిని కాసేపు ఆపి రీస్టార్ట్ చేసి మళ్లీ చూడు. నీ 512 జీబీ డిస్క్ 476 అని కనిపిస్తుంది, అది లెక్కలో తేడా అంతే, టెన్షన్ పడకు. వచ్చిన ఖాళీని ఫార్మాట్ చేయకుండా అలాగే వదిలెయ్యి.

ఇన్‌స్టాలర్‌లో డిస్క్ మొత్తం చెరిపేసే ఆప్షన్ జోలికి పోకు, మాన్యువల్ ఎంచుకో. అక్కడ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఒక చిన్న ఈఎఫ్ఐ పార్టిషన్ (కంప్యూటర్ ఆన్ కాగానే విండోస్‌ని మొదలెట్టే ఫైళ్లుండే డిస్క్ భాగం) ఉంటుంది, తరచుగా 100 ఎంబీయే. చిన్నదే కదా అని చెరిపావో, ఫార్మాట్ చేశావో, విండోస్ ఇక బూట్ అవదు. ఉబుంటుని మొదలెట్టే బూట్‌లోడర్ కూడా అందులోనే సర్దుకుంటుంది.

మిగతాది తేలిక. రూట్‌కి (ఉబుంటు సిస్టమ్ ఉండే భాగం) 60 జీబీ, మిగిలిందంతా హోమ్‌కి (నీ ఫైళ్లుండే భాగం), రెండూ ఈఎక్స్‌టీ4 ఫార్మాట్‌లో. హోమ్ వేరుగా ఉంటే రేపు ఉబుంటు మళ్లీ వేసినా, దాన్ని ఫార్మాట్ చేయనంతవరకూ నీ ఫైళ్లు అలాగే ఉంటాయి. కానీ ఉబుంటుకి ఇచ్చేది మొత్తం 100 జీబీ లోపే అయితే విడదీయకు, ఒకటి నిండిపోయి రెండోది ఖాళీగా పడుంటే విసుగొస్తుంది. స్వాప్‌కి (ర్యామ్ చాలనప్పుడు డిస్క్‌లో వాడుకునే చోటు) వేరే పార్టిషన్ అక్కర్లేదు, దానికి ఫైల్ ఉబుంటు అదే పెట్టుకుంటుంది. హైబర్నేట్ (తెరిచిన పనంతా డిస్క్‌లో దాచి కంప్యూటర్ ఆపడం) కావాలంటే మాత్రం కనీసం ర్యామ్ అంత స్వాప్ ఉండాలి.

ఛార్జర్ పెట్టే ఉంచు. చివర్లో ఏ పార్టిషన్ ఏమవుతుందో జాబితా చూపిస్తుంది, దాన్ని ఫోన్‌లో ఫొటో తీసి నాకు పంపు, నేను చూసి సరే అన్నాకే ఇన్‌స్టాల్ నొక్కు.

మీ బాబాయి