దామెర్ల గ్యాలరీ: మీరు అడిగినవి, నేను చెప్పేవి

క్రితం నెల ఈ శీర్షికలో రాజమండ్రిలోని దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ గురించి నాలుగు మాటలు రాశాను. దాని మీద బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ నుంచీ, అటు బల్లార్షా నుంచీ కూడా ఉత్తరాలొచ్చాయి. అందుకే ఈ నెల మొత్తం దానికే. చదవనివాళ్ల కోసం ముందు ఒక్క మాట: దామెర్ల రామారావు 1897లో రాజమండ్రిలో పుట్టిన చిత్రకారుడు, 1925 ఫిబ్రవరిలో మశూచి వచ్చి పోయారు, అప్పటికి 28 ఏళ్లు కూడా నిండలేదు. ఆయన పేరు మీద గోదావరి గట్టు వైపు ఉన్న చిన్న ప్రభుత్వ గ్యాలరీ అది. ఆయన స్నేహితులవీ శిష్యులవీ కొన్ని బొమ్మలున్నా ప్రధానంగా అది ఆయన ఇల్లే అనుకోండి.

*అక్కా, మా ఆడపడుచు కూతురి పెళ్లికి రాజమండ్రి వెళ్తున్నాం. పెళ్లి రాత్రిపూట, తిరుగు రైలు మర్నాడు సాయంత్రం. గ్యాలరీ చూద్దామంటే మా ఆయన "అది చాలా చిన్నదంట, పది నిమిషాల్లో అయిపోతుంది, దాని బదులు ధవళేశ్వరం పోదాం" అంటున్నారు. ఇద్దరు పిల్లలున్నారు. ఏం చెయ్యమంటారు?*
(గృహిణి, బరంపురం)

రెండూ చూడొచ్చు తల్లీ, పొద్దున్నే గ్యాలరీ, భోజనాలయ్యాక ధవళేశ్వరం. పది నిమిషాల మాటంటారా, నడుచుకుంటూ పోతే అంతే పడుతుంది, అది నిజమే. కానీ మీ ఆయన లెక్క పెద్ద మ్యూజియం లెక్క. సాలార్‌జంగ్‌లో ఒక గదిలో గడియారం, ఇంకో గదిలో కత్తులు, మరో గదిలో పింగాణీ, అడుగడుక్కీ కొత్తది కనిపిస్తుంది కాబట్టి కాళ్లు వాటంతటవే ముందుకు పోతాయి. ఒక్క మనిషి బొమ్మలున్న చోట అలా చూస్తే అన్నీ ఒకేలా అనిపించి విసుగొస్తుంది. ఇక్కడ మొదటిసారి ఎక్కడా ఆగకుండా చుట్టి వచ్చేయండి. రెండోసారి మాత్రం మిమ్మల్ని ఆపిన రెండు మూడు బొమ్మల దగ్గరే నిలబడండి, మిగతావి వదిలేసినా పర్వాలేదు.

ఇంకో మాట, ఇది మీ ఆయనకి కూడా చెప్పండి. అక్కడికెళ్లి "ఇందులో గొప్ప బొమ్మ ఏది" అని వెతకొద్దు. ఆయన బొంబాయి వెళ్లింది 1916లో, పోయింది 1925లో, అంటే చదువూ తిరుగుడూ పనీ అన్నీ కలిపి తొమ్మిదేళ్లు. పెద్దవయసులో వేసినవంటూ ఏవీ లేవు, ఉన్నవన్నీ ఒక కుర్రాడి బొమ్మలే. ఆ చెయ్యి ఎక్కడ ఇంకా నేర్చుకుంటోంది, ఎక్కడ కుదురుకుంది అని చూస్తే గోడ మీదున్న ప్రతి చిన్న కాగితమూ మీతో మాట్లాడుతుంది. పిల్లలకైతే ఒకే పని పెట్టండి: అన్ని బొమ్మల్లోనూ చేతులు మాత్రమే చూసి, ఏ చెయ్యి బాగా నచ్చిందో చివర్లో చెప్పమనండి. నేను మా ఇంట్లో పిల్లలతో ఇదే చేస్తాను, పెద్దవాళ్లు గమనించనివి వాళ్లు పట్టుకుంటారు.

*మేడమ్, నేను హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టర్ని. మా పిల్లలు ఫోన్లో బొమ్మ చూసి దించమంటే చక్కగా దించుతారు, కానీ ఎదురుగా మనిషిని కూర్చోబెట్టి గీయమంటే బిగుసుకుపోతారు. ఓ పాతికమందిని గ్యాలరీకి తీసుకెళ్దామనుకుంటున్నాను. అక్కడ గీసుకోనిస్తారా? వాళ్లకి ఏం చూపించాలి?*
(డ్రాయింగ్ మాస్టారు, పర్లాకిమిడి)

మాస్టారూ, మీ ఉత్తరం చదివి చాలా సంతోషించాను. ముందు పని సంగతి. హెడ్మాస్టర్ సంతకంతో ఒక లెటర్ ముందే పంపించి అనుమతి తెచ్చుకోండి, "పెన్సిల్ మాత్రమే వాడతాం" అని అందులో రాయండి, పెన్నులూ రంగులూ బస్సులోనే వదిలేయండి. పాతికమందీ ఒక్కసారి లోపలికి పోతే ఎవరికీ ఏమీ కనపడదు, మూడు గుంపులు చేయండి, మిగతావాళ్లు గట్టు మీద కూర్చుని నదినే గీస్తారు.

ఇక ఏం చూపించాలంటే, మీ పిల్లల సమస్యకి మందు ఈ మనిషి కథలోనే ఉంది. రామారావులోని చెయ్యిని కనిపెట్టింది రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే, ఇంగ్లండు నుంచి వచ్చిన దొర, తనూ బొమ్మలు వేసేవాడు. ఆయన ప్రోత్సాహంతోనే ఈ కుర్రాడు బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కి వెళ్లాడు. అక్కడి చదువంటే మనిషిని ఎదురుగా నిలబెట్టి, ఎముక ఎక్కడుంది, బరువు ఏ కాలి మీద పడింది అని చూసి చూసి గీయడం. ఆ తర్వాత గుజరాత్, కాఠియావాడ్ తిరిగి అక్కడి మనుషుల్ని వేశారు. ఇంత సాధన అయ్యాకే "సిద్ధార్థ రాగోదయం", "పుష్పాలంకరణ" లాంటి ఊహా చిత్రాలకొచ్చారు. వాటిల్లో మనుషులు నిజం మనుషుల కన్నా పొడుగ్గా సన్నగా ఉంటారు, ఒంటి మీద నీడలు తక్కువ, అంతా గీత మీదే నడుస్తుంది. కానీ ఆ గీత గాలిలోంచి రాలేదు, అసలు ఒళ్లు ఎలా నిలబడుతుందో తెలిసినవాడు, తెలిసే దాన్ని సాగదీశాడు. మీ పిల్లలకి ఇది చెప్పడం కాదు, చూపించండి. ముందు స్కెచ్చులూ మనిషిని ఎదురుగా పెట్టుకుని వేసినవీ ఎక్కడున్నాయో అక్కడ నిలబెట్టండి, ఆ తర్వాతే పెద్ద బొమ్మల దగ్గరికి తీసుకెళ్లండి. బొమ్మ మొత్తం దించమని అడగొద్దు. ఒక్కొక్కరికీ ఒక్క గీత ఇవ్వండి, మెడ నుంచి భుజం మీదుగా మోచేతి దాకా పోయే గీత, అంతే. దాన్ని రబ్బరు వాడకుండా పదిసార్లు గీయమనండి.

ఇంకోటి, మీ వైపు వాళ్లకి ఉన్న సౌకర్యం ఇది. సవర గిరిజనులు ఇళ్లలో ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో వేసే ఇడితాల్ మీ పిల్లలు చూసే ఉంటారు. ముందు ఒక చట్రం గీసుకుని, దాని లోపల మనుషుల్నీ చెట్లనీ జంతువుల్నీ ఎక్కడా ఊరికే ఖాళీ వదలకుండా నింపుతారు. దామెర్ల బొమ్మ ముందు నిలబెట్టి, "ఇక్కడ చట్రాన్ని ఎలా నింపాడు, ఎక్కడ ఖాళీ వదిలాడు, ఎందుకు వదిలాడు" అని అడగండి. సమాధానం తప్పైనా పర్వాలేదు, ఆ ప్రశ్న వాళ్లకి అలవాటైతే చాలు. ఇలాంటివి వేరే ఊరి విషయాలు అనుకోకుండా కూడా చెప్పండి, 1936లో ఒడిశా ఏర్పడేదాకా గంజాం జిల్లా, రాజమండ్రి రెండూ మద్రాసు రాష్ట్రంలోనే ఉండేవి, ఆయన బతికినన్నాళ్లూ మనమూ ఆయనా ఒకే రాష్ట్రం వాళ్లం.

*అమ్మా, నాకు డెబ్బై దాటాయి. మనవరాలు బొమ్మలు బాగా వేస్తుంది, పన్నెండేళ్ల పిల్ల. దాన్ని తీసుకెళ్దామంటే అక్కడ ఒంటి మీద బట్టల్లేని ఆడవాళ్ల బొమ్మలున్నాయని మా కోడలు వెనకాడుతోంది. తీసుకెళ్లొచ్చా?*
(రిటైరైన ఉద్యోగి, గుణుపురం)

ఉన్నాయి బాబాయి గారూ, దాచడం దేనికి. దామెర్ల ఆడవాళ్ల నగ్న చిత్రాలు వేశారు. వేసింది తక్కువ చూపుతో కాదు. పైన మాస్టారికి రాసినట్టు ఆయన చదివిన చదువే ఒంటిని చూసి గీయడం, మన అజంతాలోనూ మనుషులు ఉత్తరీయాలు కప్పుకుని కూర్చోలేదు. మీరు ఇంటిల్లిపాదీ కోణార్క్ వెళ్లే ఉంటారు, అక్కడ గోడల మీద ఉన్నవాటితో పోలిస్తే ఇవి ఎంతో నెమ్మదైనవి. అయినా కోడలి భయం తీసిపారేయాల్సింది కాదు, తన కూతురు ఏదైనా ఇబ్బందిగా అడిగితే ఏం చెప్పాలో తెలియక వచ్చే భయం అది. నా సలహా ఏమిటంటే ముందు కోడల్నే తీసుకెళ్లండి. లేదా ముగ్గురూ వెళ్లి, ఆవిణ్ణి ముందు ఒక చుట్టు తిరిగి రమ్మనండి. పిల్లని ఏ బొమ్మ ముందు నుంచీ చెయ్యి పట్టుకుని లాక్కెళ్లొద్దు, లాగితేనే అందులో ఏదో తప్పుందని దానికి తెలుస్తుంది. అడిగితే "బొమ్మలు వేసేవాళ్లు ముందు ఒళ్లు నేర్చుకోవాలి, నువ్వూ రేపు నేర్చుకుంటావు" అని చెప్పండి, పన్నెండేళ్ల పిల్లకి అది సరిపోతుంది.

మరొకటి మీ మనవరాలికి తప్పకుండా చెప్పాలి. రామారావు భార్య సత్యవాణి గారూ, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ గారూ కూడా చిత్రకారిణులే. వందేళ్ల కిందట మన తెలుగిళ్లలో ఆడవాళ్లు కుంచె పట్టుకుని కూర్చోవడం అంటే చిన్న సంగతి కాదు. ఆయన పోయాక ఆ బొమ్మలు చెల్లాచెదురు కాకుండా నిలబడ్డాయంటే దాని వెనక ఇంటివాళ్లున్నారు, ఆయన స్నేహితుడు వరదా వెంకటరత్నం గారున్నారు. చిత్రకారుడు పోయాక కాగితాలు అటకెక్కి చెదలు పట్టిన ఇళ్లు ఎన్ని లేవు! ఒక్క మనిషి పేరున్న మ్యూజియం అంటే ఆ పేరు వెనక దాన్ని కాపాడినవాళ్లు కూడా ఉంటారు, వెళ్లినప్పుడు వాళ్ల పేర్లూ ఓసారి తలచుకోండి.

*అక్కా, ఈ మధ్య ఒక మ్యూజియంలో లైట్లు మసగ్గా పెట్టారు, ఫోన్ తీస్తే ఫ్లాష్ వద్దని కేకలేశారు. ఒక్క ఫొటోకి బొమ్మ అరిగిపోతుందా?*
(డిగ్రీ విద్యార్థి, రాయగడ)

ఒక్క ఫొటోకి అరగదు తమ్ముడూ. కానీ కాగితం మీద వేసిన నీటిరంగు, వెలుతురుని లెక్క రాసిపెట్టుకుంటుంది. ఈ రోజు పడ్డదీ, రేపు పడబోయేదీ, పదేళ్ల కిందట పడ్డదీ అన్నీ కూడుతూ పోతాయి, వెలిసిన రంగు మళ్లీ వెనక్కి రాదు. అందుకే కాగితపు బొమ్మల మీద 50 లక్స్‌కి (లక్స్ అంటే వెలుతురు కొలత) మించి వెలుతురు పడనివ్వకూడదని మ్యూజియంలు పాటిస్తాయి. మిట్టమధ్యాహ్నం ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది, తేడా నువ్వే చూసుకో. అన్ని రంగులూ ఒకేలా పోవు, కొన్ని ఎరుపులూ గులాబీలూ ముందు పోతాయి, అప్పుడు చిత్రకారుడు సమానంగా తూచి పెట్టిన బొమ్మ ఒక పక్కకి ఒరిగినట్టవుతుంది. ఏటిగట్టు ఊళ్లలో దానికి తోడు తేమ, గోధుమరంగు మచ్చలు దానివల్లే వస్తాయి. దామెర్ల బొమ్మలకి వందేళ్లు దాటాయి, వాటి సగం ఆయుష్షు మనం ఎలా చూస్తామన్న దాని మీదే ఉంది.

మసక వెలుతురులో నీటిరంగు చూడటానికి ఒక పద్ధతుంది. బయటి ఎండలోంచి వచ్చి వెంటనే చూడకు, ఓ ఐదు నిమిషాలు కళ్లని సర్దుకోనివ్వు. బొమ్మ మీదున్న అద్దంలో నీ చొక్కానే కనపడుతుంటే నేరుగా కాక కొంచెం పక్కకి నిలబడు. అప్పుడు దగ్గరికెళ్తే రంగు కింద పెన్సిల్ గీత కనిపిస్తుంది, తడి రంగు ఆరిన అంచున కాస్త ముదురుగా ఒక గీత ఏర్పడుతుంది, అదీ కనిపిస్తుంది. వెలుగు పడ్డచోట చాలాసార్లు తెల్లరంగు ఉండదు, కాగితాన్నే వదిలేస్తారు. ఇవేవీ ఫోన్ ఫొటోలో రావు. ఫొటో కావాలంటే అనుమతి అడిగి ఫ్లాష్ లేకుండా తీసుకో, కానీ ముందు చూడు, తర్వాత తియ్యి.

*మాకు రాజమండ్రి బాగా దూరం. ఒకే చిత్రకారుడి బొమ్మలు చూడాలంటే ఇంకెక్కడ చూడొచ్చు? మహారాష్ట్రలో ఉంటున్న మాకు ఈయనతో సంబంధం ఏమిటని మా అబ్బాయి అడుగుతున్నాడు.*
(పాఠకుడు, బల్లార్షా)

ఆయన చేతికి చదువు చెప్పింది మీ బొంబాయే అని మీ అబ్బాయికి చెప్పండి. ఇక ఇతర చోట్లంటే, బెంగళూరు కస్తూర్బా రోడ్డులో వెంకటప్ప ఆర్ట్ గ్యాలరీ ఉంది. కె. వెంకటప్ప కలకత్తాలో అవనీంద్రనాథ్ ఠాకూర్ శిష్యుడు, ఊటీ, కొడైకెనాల్ కొండల్ని నీటిరంగుల్లో వేశారు, వీణ కూడా సాధన చేశారు. ఆయన 1886లో పుట్టి 1965 దాకా బతికారు. దామెర్లకి దొరకని నిండు జీవితం అక్కడ కనిపిస్తుంది. ఎప్పుడైనా ఈ రెండూ చూడగలిగితే వెంటవెంటనే చూడండి. తిరువనంతపురం మ్యూజియం ఆవరణలో రవివర్మకీ కె.సి.ఎస్. పణిక్కర్‌కీ విడివిడిగా గ్యాలరీలున్నాయి.

*రాజమండ్రిలో ఏ స్టేషన్లో దిగాలి? ఎప్పుడు వెళ్తే మంచిది?*
(చాలామంది)

ఎక్స్‌ప్రెస్‌లు ఆగేది రాజమండ్రి స్టేషన్లో, అక్కడ దిగి ఆటో ఎక్కండి. గోదావరి స్టేషన్ అని వేరే ఉంది, టికెట్ తీసేటప్పుడు పేరు చూసుకోండి. బరంపురం వాళ్లు రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి దిగుతారు. గుణుపురం, పర్లాకిమిడి వాళ్లు నౌపడ మీదుగానో పలాస మీదుగానో మెయిన్ లైన్ పట్టుకోండి. 2027లో పుష్కరాలొస్తున్నాయి, ఆ పన్నెండు రోజులూ స్నానానికి వెళ్లండి గానీ గ్యాలరీ పని పెట్టుకోకండి, ఆ జనంలో నిలబడి చూడలేరు. వేసవి మధ్యాహ్నాలు కూడా వద్దు. వారపు సెలవు ఏ రోజో, పండక్కి తెరుస్తారో లేదో ముందే కనుక్కుని ఆ తర్వాతే టికెట్ తీయండి.