గుమ్మం ముందు పూలకుండీలు: అసోసియేషన్ తీసేయమంటే తీసేయాల్సిందేనా?

ప్రశ్న: మాది వరసగా కట్టిన టౌన్‌హౌస్‌లలో ఒకటి. సొంత ఇల్లే, కానీ పెరడు లేదు. అందుకని ముందు వరండాలో, మెట్ల మీద, గేటు దాకా ఉన్న నడకదారి పక్కన కుండీల్లో గులాబీలు, బంతి, పిటూనియాలు పెంచుతున్నాను. రెండు కుండీలు పై బాల్కనీ రెయిలింగ్‌కి బయటివైపు వేలాడదీశాను. ‘కామన్ ఏరియాలో కుండీలు పెట్టకూడదు, ఏడు రోజుల్లో తీయకపోతే మేమే తీసి పారేస్తాం, జరిమానా కూడా వేస్తాం’ అని అసోసియేషన్ వాళ్లు నోటీసు ఇచ్చారు. వేరే ఇళ్ల ముందు కూడా కుండీలున్నాయి, నోటీసు మాత్రం నాకొక్కదానికే వచ్చింది. నా ఇంటి ముందు మొక్కలు పెట్టుకునే హక్కు నాకు లేదా? – ఒక పాఠకురాలు

జవాబు: హక్కు ఉంది. అయితే అన్ని కుండీలకూ ఒకేలా లేదు. అది తేల్చుకునే లోపు రెండు పనులు చేయండి. రెయిలింగ్ బయట వేలాడుతున్న ఆ రెండు కుండీలను ఈ రోజే లోపలికి తీసేయండి. ఏడు రోజులు గడవకముందే నోటీసుకు రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. నోటిమాటగా ప్రెసిడెంటు గారితో మాట్లాడి ఊరుకుంటే రేపు మీరు జవాబే ఇవ్వలేదంటారు.

ఇంటి ముందున్న చోటంతా మనదే అనుకోవడం సహజం. కానీ ఇలాంటి కాంప్లెక్సుల్లో స్థలం మూడు రకాలుగా ఉంటుంది. పూర్తిగా మీది ఒకటి, అందరిదీ ఒకటి. ఈ రెంటికీ మధ్యలో ఇంకోటి ఉంటుంది: ఆస్తి ఉమ్మడిదే, వాడుకునే హక్కు మాత్రం ఒక్క ఇంటికే. వరండాలు, ముందు మెట్లు, బాల్కనీలు చాలాచోట్ల ఈ మూడో రకంలోకే వస్తాయి. గొడవలన్నీ కూడా ఇక్కడే పుడతాయి.

మీది ఏ రకమో నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను, మీ కాగితాలు చెబుతాయి. సేల్ డీడ్, దానికి జతచేసిన ప్లాను, కాంప్లెక్సు డిక్లరేషన్ (ఏ స్థలం ఎవరిదో, ఏది ఉమ్మడిదో చెప్పే పత్రం), అసోసియేషన్ బైలాస్ (దాని నియమావళి) – ఈ నాలుగూ ముందేసుకోండి. ప్లానులో మీ ఇంటి హద్దు గీత గుమ్మం దగ్గర ఆగిందా, వరండా అంచు దాకా వచ్చిందా, మెట్లను కూడా కలుపుకుందా చూడండి. తర్వాత డిక్లరేషన్‌లో ఉమ్మడి స్థలాల జాబితా చదవండి. వరండా, మెట్లు ‘ఫలానా ఇంటి ప్రత్యేక వాడకానికి’ అని రాసి ఉంటే నోటీసులో వాళ్లు వాడిన ‘కామన్ ఏరియా’ అన్న మాటకు సగం బలం పోయినట్టే. బైలాస్ మీ దగ్గర లేకపోతే కాపీ కావాలని అడగండి. సభ్యురాలిగా ఆ కాపీ అడిగే హక్కు మీకుంది.

వరండా మీ ప్రత్యేక వాడకానిదే అయితే కుండీలు పెట్టుకోవడం మామూలు వాడకం కిందికే వస్తుంది. బైలాస్‌లో స్పష్టమైన నిషేధం ఉంటే తప్ప అభ్యంతరం చెప్పడం కష్టం. అయితే ఇక్కడ ఒక తేడా గమనించాలి. నేల మీద పెట్టిన కుండీ మీ సామాను, ఎప్పుడైనా ఎత్తి పక్కన పెట్టొచ్చు. గోడకు బోల్టు కొట్టి బిగించిన స్టాండు అలా కాదు, అది కట్టడానికి చేసిన మార్పు. బయటి గోడ, రెయిలింగ్ సాధారణంగా అసోసియేషన్ బాధ్యతలో ఉంటాయి కాబట్టి దానికి ముందే రాతపూర్వక అనుమతి కావాలి. డ్రిల్ వేసిన రంధ్రంలోంచి నీళ్లు దిగి పక్కింటి గోడ చెమ్మెక్కితే ఆ ఖర్చు మీ మెడకే చుట్టుకుంటుంది.

నడకదారి పక్కన పెట్టినవాటి విషయంలో మీకు అనుకూలంగా చెప్పలేను. ఆ దారి అందరిదీ. ఎంత అందమైన మొక్కలైనా, ఎన్నాళ్లుగా ఉన్నా, ఎవరూ అడ్డు చెప్పకపోయినా, ఉమ్మడి దారిలో కొంత భాగాన్ని ఒక్కరే ఆక్రమించుకునే హక్కు సాధారణంగా రాదు. పైగా అగ్నిప్రమాదం జరిగితే జనం బయటికి పరుగెత్తేది, స్ట్రెచర్ తెచ్చేది ఆ దారినే. మెట్ల మీదివి మీ వాడకంలోవే అయినా ఒక పక్కకు సర్ది, మనిషి చేత్తో పట్టుకునే వైపు ఖాళీగా ఉంచండి. పెద్దవాళ్లు కుండీ తగిలి పడిపోతే ‘మెట్లు నావే’ అన్న వాదన మిమ్మల్ని కాపాడదు.

ఇక అసోసియేషన్ అధికారం. నోటీసు ఇచ్చినంత మాత్రాన అది నియమం అయిపోదు. మీ జవాబులో అడగాల్సింది ఇదే: ఏ బైలా ప్రకారం ఈ నోటీసు? ఆ నియమాన్ని జనరల్ బాడీ (సభ్యులందరి సమావేశం) ఆమోదించిందా, కమిటీ సొంతంగా తీర్మానించిందా? జరిమానా వేసే అధికారం, దాని మొత్తం ఎక్కడ రాసి ఉంది? రోజువారీ నిర్వహణకు కమిటీ నియమాలు పెట్టుకోవచ్చు. డిక్లరేషన్ మీకిచ్చిన హక్కును మాత్రం కమిటీ ఒక తీర్మానంతో తీసేయలేదు. ఆధారం లేని జరిమానా నిలవదు. మీ వాదన వినకుండా వేసిన జరిమానాను కూడా గట్టిగా ప్రశ్నించవచ్చు.

మీకొక్కరికే నోటీసు ఇవ్వడం అన్యాయమే, అది మీకు పనికొచ్చే పాయింటే. మిగతా ఇళ్ల ముందున్న కుండీలను ఉమ్మడి దారిలో నిలబడి తేదీ పడేలా ఫొటోలు తీసుకోండి. కాకపోతే ‘వాళ్లవీ తీయించండి’ అని రాయకండి. రేపు మీకు తోడు నిలబడాల్సింది ఆ ఇరుగుపొరుగు వాళ్లే. ‘అందరికీ వర్తించేలా ఒకే నియమం పెట్టండి’ అని అడగండి. ఈ వాదన వరండా కుండీలకు బలంగా పనిచేస్తుంది. దారికి అడ్డం ఉన్నవాటికి పెద్దగా పనిచేయదు, ఎందుకంటే భద్రత దగ్గర ఒకరి తప్పు ఇంకొకరికి అనుమతి కాదు.

‘తీసి పారేస్తాం’ అన్న మాట నాకు బాధ కలిగించింది. పెట్టకూడని చోట పెట్టినా సరే కుండీ, మట్టి, మొక్క మీ ఆస్తే. దారికి అడ్డంగా ఉంటే వాటిని జరిపి భద్రంగా ఒక చోట పెట్టవచ్చు. కింద పడేలా ఉంటే గడువు చూడకుండా వెంటనే దించేయవచ్చు కూడా. కానీ యజమాని ఎవరో తెలిసీ పగలగొట్టినా, చెత్తలో వేసినా ఆస్తి నష్టం కింద పరిహారం అడగవచ్చు. ఏళ్ల తరబడి పెంచిన గులాబీకి బిల్లు ఉండదు. అందుకని ప్రతి కుండీనీ విడివిడిగా ఇప్పుడే ఫొటో తీసి పెట్టుకోండి. అలాంటి మొక్క, అలాంటి కుండీ మళ్లీ కొనడానికి ఎంతవుతుందన్నదే అప్పుడు లెక్కకొస్తుంది.

రెయిలింగ్ కుండీలను ఈ రోజే తీయమన్నది ఊరికే కాదు. జనం నడిచే చోటికి పైన, పడితే గాయమయ్యే వస్తువును పెట్టినా వేలాడదీసినా, అది ఇంకా పడకముందే పది బంగారు నాణేల జరిమానా అని 533 నాటి జస్టీనియన్ చక్రవర్తి శాసనాల్లోనే ఉంది. 1863లో ఇంగ్లండ్‌లో ఒక వ్యాపారి దుకాణం పైఅంతస్తు నుంచి పిండి పీపా దారిన పోయే మనిషి మీద పడింది. పీపా తనంతట తాను పడదు కాబట్టి అజాగ్రత్త లేదని వ్యాపారే నిరూపించుకోవాలని కోర్టు అంది. ఆ సూత్రం తర్వాత చాలా దేశాల కోర్టులకు ఆధారమైంది. 15 లీటర్ల మట్టి పట్టే కుండీ నీళ్లు పోశాక 20 కిలోల దాకా తూగుతుంది. మొక్క రెయిలింగ్ లోపలివైపు ఉన్నా ఎండకు లోటుండదు, మీకు టెన్షన్ ఉండదు.

నీళ్లు కారడం గురించి మీరు రాయలేదు గానీ, నోటీసు వెనక అసలు ఫిర్యాదు అదేనేమో కనుక్కోండి. కుండీల కింద పళ్లేలు పెట్టి, వాటిలో నిలిచిన నీళ్లు వారానికి ఒకసారైనా పారబోయండి. దోమ గుడ్డు పెద్ద దోమ కావడానికి వారం పది రోజులు చాలు. దోమల ఫిర్యాదు మీద మునిసిపాలిటీ వాళ్లు వస్తే అసోసియేషన్ కంటే వాళ్లతోనే కష్టం.

జవాబు ఇలా ఉంటే చాలు: ‘మీ నోటీసు ఫలానా తేదీన అందింది. రెయిలింగ్ మీది కుండీలు, నడకదారిలోని కుండీలు తీసేశాను. వరండా, మెట్లు డిక్లరేషన్ ప్రకారం మా ఇంటి ప్రత్యేక వాడకంలో ఉన్నందున అక్కడి కుండీలను దారికి అడ్డం లేకుండా ఉంచుతున్నాను. నోటీసుకు ఆధారమైన బైలా, తీర్మానం కాపీలు ఇవ్వగలరు. నా అనుమతి లేకుండా నా మొక్కలను తొలగించవద్దని కోరుతున్నాను. ఈ విషయం తదుపరి జనరల్ బాడీ ఎజెండాలో పెట్టగలరు.’ మీ కాగితాల్లో అలా లేకపోతే మూడో వాక్యం తీసేసి, వరండా కుండీలకు అనుమతి కోరుతున్నానని రాయండి. లేని హక్కు ఉందని రాస్తే ఉన్న హక్కు కూడా పలచబడుతుంది.

అద్దెకుండేవాళ్లు ఇదే ప్రశ్న అడిగితే ముందు అద్దె ఒప్పందం చూసుకోవాలి. అసోసియేషన్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు ఇంటి యజమాని చేత చేయించుకోవడం మంచిది.

ఇంత రాసినా జరిమానా వేస్తే మెయింటెనెన్స్ డబ్బు మాత్రం ఆపకండి. అది ఆపితే తప్పు మీ వైపుకి మారిపోతుంది. మెయింటెనెన్స్ విడిగా కట్టి రసీదు తీసుకోండి. జరిమానా కట్టక తప్పకపోతే ‘అభ్యంతరంతో కడుతున్నాను’ అని రాసి కట్టండి. తర్వాత ఆ డబ్బు వెనక్కి అడగడానికి ఆ ఒక్క ముక్క అవసరమవుతుంది.