సమంగా పంపిన అలలు సమంగా ఎందుకు ఉండవు?

ఒకే గాలికి పుట్టిన అలల్లో ఒక్కటి మాత్రం హఠాత్తుగా రెండింతలు ఎలా పెరుగుతుంది, అది సునామీయేనా అని అడిగారు. సునామీ కాదు. సునామీ చాలావరకు సముద్రగర్భం కదిలినప్పుడు పుడుతుంది. లోతైన చోట ఓడ కింద నుంచి వెళ్ళినా తెలియదు. మీరు అడిగిన రాక్షస అల గాలి లేపిన అలల్లోనే ఒకటి. కాసేపట్లోనే లేచి అణిగిపోతుంది.

దాని పెరుగుదలను నేను మొదట చూసింది చదువుకునే రోజుల్లో, ప్రయోగశాలలోని పొడవాటి నీటి తొట్టెలో. ఒక చివర పలక ఊగుతూ అలలను పంపేది. పలక దగ్గర దువ్వెన పళ్ళలా బయలుదేరినవి, అవతలి చివరకు చేరేసరికి గుంపులుగా విడిపోయేవి: గుంపు నడుమ ఒక అల నిటారుగా లేచేది, అటూ ఇటూ ఉన్నవి కుంగిపోయేవి. మోటారులో లోపమనుకుని రెండు రోజులు దాన్నే విప్పి చూశాను. లోపం లేదు. 1967లో బ్రూక్ బెంజమిన్, జిమ్ ఫెయిర్ అనే శాస్త్రవేత్తలు వివరించిన అస్థిరత అది.

లోతు నీటిలో ఎత్తైన అల కాస్త వేగంగా నడుస్తుంది. వరసలో ఎక్కడో ఒకచోట అలలు కొద్దిగా ఎత్తుగా ఉన్నాయనుకోండి. అవి ముందున్నవాటిని దగ్గరకు నెడతాయి, వెనకవాటికి ఎడం పెంచుతాయి. అంటే ముందు పొట్టి అలలు, వెనక పొడవు అలలు (పొడవంటే ఇక్కడ ఎత్తు కాదు, ఒక శిఖరం నుంచి తర్వాతి శిఖరానికి ఉన్న దూరం). పొడవు అలల శక్తి వేగంగా ప్రయాణిస్తుంది, పొట్టివాటిది మెల్లగా. వెనక శక్తి వచ్చి చేరుతుంది, ముందుది వెనకబడి అక్కడికే వస్తుంది. చిన్న తేడా అలా తనను తానే పెంచుకుంటుంది. నా దృష్టిలో ఈ విషయంలో అన్నిటికన్నా అందమైన భాగం ఇదే. నీటి లోతు అల పొడవులో సుమారు ఐదో వంతు కంటే తగ్గితే మాత్రం ఈ పెరుగుదల ఉండదు.

అయితే ప్రతి రాక్షస అలకూ ఇదే కారణం అనుకోకండి. 1995 జనవరి 1న ఉత్తర సముద్రంలో నార్వేకు చెందిన డ్రాప్నర్ అనే గ్యాస్ వేదిక వద్ద 25.6 మీటర్ల అల నమోదైంది. అప్పటి పెద్ద అలల సగటు ఎత్తు దాదాపు 12 మీటర్లు. తొట్టెలో గోడలు అలలను ఒకే దిశలో ఉంచుతాయి. తుఫాను సముద్రంలో అవి పలు దిశల నుంచి వస్తాయి, శక్తి పక్కలకు చెదిరిపోతుంది, ఈ అస్థిరత బలహీనపడుతుంది. డ్రాప్నర్ అలను తర్వాత తొట్టెలో తిరిగి సృష్టించినవారు రెండు అలల వరసలను దాదాపు 120 డిగ్రీల కోణంలో ఢీకొట్టించారు. అక్కడ శిఖరాలు యాదృచ్ఛికంగా కలవడమే ప్రధానమని నాకూ అనిపిస్తుంది.

మీకు తొట్టెలో చూసే వీలుంటే అల ఎత్తు కొలిచే కడ్డీలన్నీ పలక దగ్గరే పెట్టకండి. నేను అలా పెట్టే మొదటి వారం ఏమీ గమనించలేదు. కనీసం రెండు అవతలి చివర ఉండాలి.